‘ఉత్తమం’ - ‘జనరంజకం’: చలనచిత్ర పురస్కారాల్లో ప్రేక్షకాభిరుచి స్థానం

వ్యాససంగ్రహం

చలనచిత్ర పురస్కారాలు వెలువడిన ప్రతిసారీ ప్రజలు మెచ్చిన చిత్రానికీ న్యాయనిర్ణేతలు ఎంపిక చేసిన చిత్రానికీ పొంతన కుదరలేదన్న విమర్శ వినిపిస్తుంది. పండితాభిరుచికీ పామరాభిరుచికీ మధ్య సహజంగా ఉండే భేదమే దీనికి కారణమని సాధారణంగా భావిస్తారు. ఈ అంతరంలో పురస్కార వ్యవస్థ ఏర్పరచుకున్న విభాగాల పాత్ర కూడా పెద్దదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జాతీయ చలనచిత్ర పురస్కారాలు, నంది పురస్కారాలు, గద్దర్ తెలంగాణ చలనచిత్ర పురస్కారాలలో తెలుగు చిత్రాలకు లభించిన స్థానాన్ని పరిశీలించి, ‘ఉత్తమం’, ‘జనరంజకం’ అనే మాటల అర్థం కాలాన్నిబట్టి, ప్రదాతనుబట్టి ఎలా మారుతూ వచ్చిందో విశ్లేషిస్తుంది. ప్రేక్షకాదరణను వసూళ్లతో సమానంగా భావించడంవల్ల విమర్శకు కలిగే నష్టాన్ని ‘బలగం’ చిత్రం ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: జాతీయ పురస్కారాలు, నంది, గద్దర్ పురస్కారాలు, ప్రేక్షకాభిరుచి, ప్రాశ్నికులు, సిద్ధి, శంకరాభరణం, దాసి, బాహుబలి, బలగం.

1. ఉపోద్ఘాతం

ఒక చిత్రం ఉత్తమమైనదని నిర్ణయించే అధికారం ఎవరిది? సాహిత్యంలో ఈ ప్రశ్నకు విమర్శకులు, విశ్వవిద్యాలయాలు, అకాడమీలు కలిసి ఏదో ఒక సమాధానం చెబుతూ వచ్చాయి. కావ్యం అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యనుబట్టి దాని విలువ కట్టాలని ఎవరూ పట్టుబట్టరు. సినిమా సంగతి వేరు. అది పుట్టుకతోనే జనసమూహం కోసం తయారైన కళ. పెట్టుబడి తిరిగి రావాలంటే టికెట్టు కొన్న ప్రేక్షకుని ఆమోదం తప్పనిసరి. అందువల్ల సినిమాకు ఇచ్చే పురస్కారం ప్రేక్షకుని తీర్పును పూర్తిగా తోసిపుచ్చలేదు, యథాతథంగా స్వీకరించనూలేదు.

పురస్కారాలు విజేతలను గౌరవించడంతో ఆగవు. ఏళ్లు గడిచాక ఒక భాషా సినిమా చరిత్ర రాయదలచిన పరిశోధకుడు మొదట ఆశ్రయించేది పురస్కారాల జాబితానే. పాఠ్యాంశాలకు, ఉత్సవ ప్రదర్శనలకు చిత్రాలను ఎంపిక చేసేటప్పుడు కూడా అదే ఆధారం. జాబితాలో లేని చిత్రం క్రమంగా చర్చనుంచి జారిపోతుంది. కాబట్టి జ్యూరీకీ ప్రేక్షకునికీ మధ్య ఉన్న దూరం ఒక భాషా సమాజం తన సినిమాను ఎలా గుర్తుపెట్టుకుంటుందన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.

2. ప్రాశ్నికులు, ప్రేక్షకులు: నాట్యశాస్త్ర దృష్టి

ఈ సమస్య సినిమాతో మొదలైంది కాదు. భరతుని నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయం ప్రదర్శన ‘సిద్ధి’ని, అంటే సాఫల్యాన్ని, ఎలా నిర్ణయించాలో వివరిస్తుంది. సిద్ధి రెండు విధాలు. ప్రేక్షకుల చిరునవ్వు, అట్టహాసం, ‘సాధు’ అనే మెచ్చుకోలు, ఒళ్లు పులకరించడం, ఆసనాలమీదినుంచి లేవడం, వస్త్రాలూ ఉంగరాలూ బహూకరించడం మొదలైనవాటి ద్వారా వ్యక్తమయ్యేది మానుషీ సిద్ధి. రంగస్థలం నిండుగా ఉండి, శబ్దం, క్షోభ లేకుండా ప్రేక్షకులు లీనమైపోవడం దైవీ సిద్ధి. తొలి ఆట రోజున తెరముందు కాగితాలు ఎగరేసే అభిమానినీ, కథ ముగిసినా కుర్చీలోంచి లేవలేని ప్రేక్షకుణ్నీ ఈ రెండు పదాలతో గుర్తించవచ్చు. భరతుడు రెండింటినీ సిద్ధిగానే పరిగణించాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

అదే అధ్యాయంలో ‘ప్రాశ్నికులు’ అనే నిర్ణేతల ప్రసక్తి ఉంది. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విద్యానిపుణుడు, చిత్రకారుడు, వేశ్య, సంగీతజ్ఞుడు, రాజసేవకుడు అని పదిమందిని పేర్కొని, ఎవరికి తెలిసిన అంశాన్ని వారు పరిశీలించాలని నిర్దేశించాడు. యజ్ఞ సన్నివేశానికి యజ్ఞవేత్త, శృంగారోపచారానికి వేశ్య, వర్ణాలకూ వేషాలకూ చిత్రకారుడు. గెలిచినవారికి పతాకను బహూకరించాలని కూడా చెప్పాడు. నేటి పురస్కారాల్లో ఛాయాగ్రహణం, సంగీతం, దుస్తులు, పోరాటాలు అని విభాగాలు ఏర్పరచడంలో కనిపించేది ఈ పద్ధతే. అయితే ప్రాశ్నికులు ప్రేక్షకుల నడుమ కూర్చుని, అదే ప్రదర్శనను, అదే సమయంలో చూశారు. సభ స్పందన వారి ఎదుటే ఉండేది. నేటి జ్యూరీ సభ్యుడు ప్రేక్షకులు లేని గదిలో, వరుసగా పదుల కొద్దీ చిత్రాలు చూస్తాడు. ప్రేక్షక స్పందన అతనికి పత్రికా వార్తగానో, వసూళ్ల అంకెగానో మాత్రమే చేరుతుంది. ఆధునిక అంతరానికి ఇది ఒక మూలం.

యువకులు శృంగారాన్ని, తత్త్వజ్ఞులు సిద్ధాంతాన్ని, ధనార్థులు అర్థాన్ని, వృద్ధులు పురాణగాథలను ఇష్టపడతారని చెప్పి, ప్రేక్షకుల అభిరుచి ఒక్కటిగా ఉండదని కూడా భరతుడు అంగీకరించాడు. ‘ప్రజల అభిరుచి’ అని ఏకవచనంలో మాట్లాడే నేటి చర్చలకు ఈ సూచన అవసరం.

3. జాతీయ పురస్కారాలు: రెండు వరుసలు

భారత ప్రభుత్వం 1954లో, అంతకుముందు ఏడాది చిత్రాలకు, పురస్కారాలు ఇవ్వడం ప్రారంభించింది. మరాఠీ చిత్రం ‘శ్యాంచీ ఆయి’ తొలి రాష్ట్రపతి స్వర్ణపతకాన్ని అందుకుంది. తర్వాత రెండు దశాబ్దాలకు, 23వ పురస్కారాల్లో, ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన జనరంజక చిత్రం అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1975వ సంవత్సరానికి హిందీ చిత్రం ‘తపస్య’కు ఆ గౌరవం దక్కింది.

ఈ విభాగం స్వభావాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. దీనికి ఇచ్చేది స్వర్ణకమలం. ఆయా భాషల్లో ఉత్తమ చిత్రానికి ఇచ్చేది రజతకమలం. అంటే హోదాలో జనరంజక చిత్రమే పైది. అయినా ఆ పేరులో ‘ఉత్తమ చిత్రం’ అన్న నిరుపాధికమైన ప్రశంస లేదు. జనం మెచ్చారన్న సంగతిని రాజ్యం గుర్తించింది, దానికి ఒక వరుస కేటాయించింది. ఆ వరుసలో కూర్చోబెట్టిన చిత్రం ఇతర ‘ఉత్తమ’ చిత్రాల పోటీలోంచి తప్పుకున్నట్టే అయింది. మొదటి వరుసను కళకు, రెండవ వరుసను జనానికి పంచిన ఈ ఏర్పాటే అంతరానికి అధికారిక రూపం ఇచ్చింది.

27వ పురస్కారాలు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. కె. విశ్వనాథ్ దర్శకత్వంలోని ‘శంకరాభరణం’ జనరంజక చిత్రంగా స్వర్ణకమలం పొందింది. కె.వి. మహదేవన్ సంగీతానికి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ గానానికి పురస్కారాలు వచ్చాయి. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రం ‘శోధ్’; తెలుగులో ఉత్తమ చిత్రం యు. విశ్వేశ్వరరావు తీసిన ‘నగ్నసత్యం’. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు సినిమా సంస్కృతికి ప్రతినిధిగా నిలిచిన చిత్రం, దేశంలోగానీ తన భాషలోగానీ ‘ఉత్తమం’ అనిపించుకోలేదు. శాస్త్రీయ సంగీతం, గురుశిష్య సంబంధం, ఆచార విమర్శ వంటి గంభీర విషయాలను ఆశ్రయించిన చిత్రమే ‘జనరంజకం’ వరుసలో చేరిందంటే, ఆ విభజనకు వస్తువు ప్రమాణం కాదని తెలుస్తోంది. ఎక్కువమంది చూడటమే ప్రమాణమైంది.

ఇలా అన్నంత మాత్రాన జ్యూరీలు ప్రజాదరణ ఉన్న చిత్రాలను ఎల్లప్పుడూ దూరం పెట్టాయని తీర్మానించకూడదు. 1980వ దశకపు ఉత్తమ తెలుగు చిత్రాల జాబితాలో ‘సీతాకోకచిలుక’, ‘మేఘసందేశం’, ‘సితార’, ‘స్వాతిముత్యం’ ఉన్నాయి. వాటి పక్కనే ‘హరిశ్చంద్రుడు’, ‘రంగుల కల’, ‘దాసి’ ఉన్నాయి. ఈ జాబితాను వరుసగా చదివితే రెండు ధోరణులకూ జ్యూరీలు వంతులవారీగా చోటిచ్చాయనిపిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైన ‘స్వాతిముత్యం’ 1986లో ఆస్కార్‌కు భారతదేశపు అధికారిక ప్రవేశంగా కూడా వెళ్లింది. ఆ గౌరవం పొందిన తెలుగు చిత్రం అదొక్కటే.

4. ‘దాసి’: పురస్కారం కాపాడిన చిత్రం

అంతరాన్ని ఎప్పుడూ దోషంగానే చూడటం సరికాదనడానికి బి. నర్సింగరావు ‘దాసి’ సాక్ష్యం. 36వ పురస్కారాల్లో ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంతోపాటు నటన (అర్చన), ఛాయాగ్రహణం (ఎ.కె. బీర్), కళాదర్శకత్వం (టి. వైకుంఠం), దుస్తులు (సుదర్శన్) విభాగాల్లో గుర్తింపు వచ్చింది. తెలంగాణ గడీలో వెట్టి బతుకును, దొర ఇంట దాసీగా ఉన్న స్త్రీ మౌనాన్ని నెమ్మదైన దృశ్యాలతో చూపిన చిత్రం అది. పాటలు, హాస్యపు సన్నివేశాలు, ఉపశమనం ఏవీ లేవు. వాణిజ్య ప్రదర్శన వ్యవస్థలో దానికి చోటు దొరకడం కష్టం. అదే ఏడాది జాతీయ ఉత్తమ చిత్రం మలయాళ ‘పిరవి’; జనరంజక చిత్రం ‘ఖయామత్ సే ఖయామత్ తక్’.

ఇక్కడ జ్యూరీ చేసింది ప్రజల తీర్పును ధిక్కరించడం కాదు. ఆ చిత్రం విషయంలో ప్రజలకు తీర్పు చెప్పే అవకాశమే పరిమితంగా దొరికింది. తెరకెక్కని, తెరకెక్కినా నాలుగు రోజులు నిలవని చిత్రాన్ని ‘ప్రజలు తిరస్కరించారు’ అనడం తర్కదోషం. ప్రదర్శన మార్కెట్టు విధించే ముందస్తు వడపోతను పురస్కారం కొంతవరకు సరిదిద్దింది. ‘దాసి’ గురించి నేటికీ పరిశోధనలు జరగడానికి ఆ అయిదు పురస్కారాలు గట్టి పునాది. అంతరం మొత్తం తొలగిపోవాలని కోరేవారు ఈ ప్రయోజనాన్ని విస్మరిస్తారు.

5. 2015 తర్వాత: వరుసలు కలిసిన వైనం

63వ పురస్కారాల్లో ‘బాహుబలి: ద బిగినింగ్’ జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. తెలుగు చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అంతవరకు జనరంజక వరుసకు చెందినదని భావించే చిత్రం మొదటి వరుసలోకి వచ్చింది. అదే జాబితాలో ఉత్తమ తెలుగు చిత్రం ‘కంచె’. దేశానికంతటికీ ఉత్తమమైన చిత్రం తెలుగుదే అయినా, తెలుగుకు ఉత్తమమైన చిత్రం మరొకటి అయింది. విభాగాల లెక్క ప్రకారం ఇందులో తప్పులేదు. కానీ ‘ఉత్తమం’ అన్న మాట ప్రతి విభాగంలోనూ ఒకే అర్థంలో వాడబడటంలేదని ఇది నిరూపిస్తోంది.

ఈ నిర్ణయాన్ని ప్రజాభిరుచికి దక్కిన విజయంగా కొందరు, ప్రమాణాల పతనంగా మరికొందరు వ్యాఖ్యానించారు. నిజానికి జ్యూరీ గుర్తించింది నిర్మాణ పరిమాణాన్ని, సాంకేతిక నైపుణ్యాన్ని, దేశవ్యాప్త విస్తృతిని. ఇవి నిస్సందేహంగా విలువలే. అయితే ప్రేక్షకుడు ఆ కథలో ఏం చూశాడు, శివగామి పాత్ర అతనికి ఎందుకు గుర్తుండిపోయింది, జానపద చిత్రాల జ్ఞాపకం అందులో ఎలా పనిచేసింది అన్న ప్రశ్నలు విమర్శకే మిగిలాయి.

69వ పురస్కారాల్లో ‘ఆర్.ఆర్.ఆర్.’ జనరంజక చిత్రంతో సహా ఆరు పురస్కారాలు గెలుచుకుంది. మిగిలిన అయిదూ నేపథ్య సంగీతం, గానం, విజువల్ ఎఫెక్ట్స్, పోరాటాలు, నృత్యాలకు లభించాయి. అంగాలన్నీ శ్లాఘనీయమైనా అంగికి జనరంజకం అన్న విశేషణం తగిలించక తప్పలేదు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రం ‘ఉప్పెన’. అది కూడా పెద్ద ప్రజాదరణ పొందిన ప్రేమకథే. ‘పుష్ప: ద రైజ్’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు, ఒక తెలుగు నటునికి ఆ పురస్కారం రావడం అదే ప్రథమం. మరుసటి ఏడాది ఉత్తమ తెలుగు చిత్రం ‘కార్తికేయ 2’. కాబట్టి పాత విభజనకు ఆధారమైన భేదం క్రమంగా చెరిగిపోయింది. విభాగాల పేర్లు మాత్రం అలాగే నిలిచాయి.

ఆస్కార్ చరిత్రలోనూ ఇటువంటి తడబాటు కనిపిస్తుంది. 1929లో జరిగిన తొలి ప్రదానంలో ‘వింగ్స్’కు విశిష్ట చిత్రంగా, ‘సన్‌రైజ్’కు అపూర్వమైన కళాత్మక చిత్రంగా రెండు వేర్వేరు గౌరవాలు ఇచ్చి, రెండవదానిని మరుసటి ఏడాదికే ఎత్తేశారు. 2018లో జనాదరణ పొందిన చిత్రానికి ప్రత్యేక విభాగం పెడతామని ప్రకటించి, విమర్శలు రావడంతో నెల రోజుల్లోనే వాయిదా వేశారు. రెండవ వరుస ఏర్పాటు గౌరవమా, సర్దుబాటా అన్న సందేహం అక్కడా తీరలేదు. 95వ ఆస్కార్‌కు భారత అధికారిక ప్రవేశంగా గుజరాతీ ‘ఛెల్లో షో’ వెళ్లింది. ఇతర విభాగాల్లో పోటీకి దిగిన ‘ఆర్.ఆర్.ఆర్.’ ఒకే ఒక నామినేషన్ సాధించి, చంద్రబోస్ రాసి కీరవాణి స్వరపరచిన ‘నాటు నాటు’కు 2023 మార్చిలో పురస్కారం గెలిచింది. తెలుగు సినిమా పాటనే ముందుగా గుర్తించే అలవాటు ‘శంకరాభరణం’ నాటినుంచి మారలేదనడానికి ఇది మరో నిదర్శనం.

6. రాష్ట్ర పురస్కారాలు: ఒకే చిత్రం, రెండు పేర్లు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నంది పురస్కారాలను ప్రారంభించింది. ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలోని ‘డాక్టర్ చక్రవర్తి’. స్వర్ణ, రజత, కాంస్య నందులతోపాటు జనరంజక చిత్రానికి, కుటుంబసమేతంగా చూడదగిన చిత్రానికి, జాతీయ సమైక్యతను చాటిన చిత్రానికి వేర్వేరు విభాగాలు క్రమంగా ఏర్పడ్డాయి. 2014, 2015, 2016 సంవత్సరాల పురస్కారాలను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించినప్పుడు తీవ్రమైన వివాదం చెలరేగింది. తెలంగాణ ప్రభుత్వం ప్రజాగాయకుడు గద్దర్ పేరిట నెలకొల్పిన పురస్కారాలను 2025 జూన్‌లో ప్రదానం చేసింది. గడచిన సంవత్సరాలకు కూడా ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది.

ఈ రెండు జాబితాలను జాతీయ జాబితాతో పోల్చినప్పుడు ఆసక్తికరమైన ఫలితాలు వస్తాయి. 2015వ సంవత్సరానికి నంది ఉత్తమ చిత్రం ‘బాహుబలి’. ఆనాడు ఉత్తమ చిత్రాల వరుసలో లేకపోవడం వివాదానికి కారణమైన ‘రుద్రమదేవి’, అదే సంవత్సరానికి గద్దర్ ఉత్తమ చిత్రమైంది. 2016కు నంది ‘పెళ్ళిచూపులు’ను ఉత్తమ చిత్రంగా ఎన్నుకోగా, గద్దర్ ‘శతమానం భవతి’ని ఎంచుకుంది. జాతీయ స్థాయిలో ‘పెళ్ళిచూపులు’ ఉత్తమ తెలుగు చిత్రం, ‘శతమానం భవతి’ జనరంజక చిత్రం.

ఇంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. ‘శతమానం భవతి’, ‘మహర్షి’, ‘ఆర్.ఆర్.ఆర్.’ ఈ మూడు చిత్రాలకూ జాతీయ జ్యూరీలు జనరంజకం అనే పేరు పెట్టాయి. ఆ మూడింటినే గద్దర్ పురస్కారాలు వరుసగా 2016, 2019, 2021 సంవత్సరాలకు ‘ఉత్తమం’ అన్నాయి. చిత్రాలు మారలేదు, ప్రేక్షకులూ మారలేదు. తీర్పు చెప్పే సంస్థ మారింది, దానితో పేరూ మారింది. ‘ఉత్తమం’, ‘జనరంజకం’ అనేవి చిత్రంలో సహజంగా ఉండే గుణాలైతే ఇలా జరగదు. అవి సంస్థ ఇచ్చే సంకేతాలని ఈ మూడు ఉదాహరణలు తేటతెల్లం చేస్తున్నాయి.

7. ‘బలగం’: ఆదరణకు మరో కొలత

2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ ఈ చర్చను మరింత సంక్లిష్టం చేస్తుంది. వేణు యెల్దండి దర్శకత్వంలోని ఈ చిత్రంలో పెద్ద తారలు లేరు. కొమురయ్య అనే వృద్ధుని మరణం, చావింట బయటపడే బావ బావమరదుల పట్టింపులు, మూడోనాడు, అయిదోనాడు, పదకొండోనాడు పెట్టిన కూడును కాకి ముట్టకపోవడం దాని కథ. తెలంగాణ పల్లెల్లో ఊరివాళ్లంతా ఒకచోట చేరి, బహిరంగంగా తెరకట్టి ఈ చిత్రాన్ని చూశారు. చివర వచ్చే బుడగజంగాల కథాగానం దగ్గర ప్రేక్షకులు కన్నీరు పెట్టుకున్నారు. విడిపోయిన తోబుట్టువులు చిత్రం చూసి కలిశారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి.

భరతుని పరిభాషలో ఇది మానుషీ సిద్ధి, దైవీ సిద్ధి రెండూ కలిసిన సందర్భం. ఊరి నడుమ తెర ముందు కూర్చున్నవారిలో చాలామంది టికెట్టు కొనలేదు కాబట్టి, ఈ ఆదరణలో పెద్ద భాగం వసూళ్ల లెక్కల్లోకి ఎక్కదు. అయినా ఒక చిత్రం ప్రజలదైందని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం కష్టం. 71వ జాతీయ పురస్కారాల్లో ‘బలగం’కు దక్కింది పాటల రచన విభాగంలో కాసర్ల శ్యామ్‌కు వచ్చిన పురస్కారం మాత్రమే. ఉత్తమ తెలుగు చిత్రంగా అగ్రతార నటించిన ‘భగవంత్ కేసరి’ ఎంపికైంది. గద్దర్ పురస్కారాలు 2023కు ‘బలగం’ను ఉత్తమ చిత్రంగా ప్రకటించాయి.

సాధారణ వాదన ప్రకారం జ్యూరీ చిన్న చిత్రాన్ని, జనం తారల చిత్రాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ అది తలకిందులైంది. కాబట్టి అంతరాన్ని కళాత్మక చిత్రానికీ వాణిజ్య చిత్రానికీ మధ్య గీతగా ఊహించడం ఇకపై చెల్లదు. ‘భగవంత్ కేసరి’ ఎంపిక తప్పని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బాలిక ఆత్మస్థైర్యం గురించిన ఆ కథలో జ్యూరీకి కనిపించిన విలువ ఏదో ఉండవచ్చు. ఆ ఎంపికకు కారణాలు, ‘బలగం’ను పక్కన పెట్టడానికి కారణాలు సవివరంగా లభిస్తే విమర్శకు చర్చించే అవకాశం ఉండేది. జాతీయ పురస్కారాల్లో నిర్మాత దరఖాస్తు చేసిన చిత్రాలే జ్యూరీ ముందుకు వస్తాయి. నామినేషన్లు ప్రకటించే ఆనవాయితీ లేదు. విజేతకు ఇచ్చే ప్రశంస ఒకటి రెండు వాక్యాలకు మించదు. ఏ చిత్రాన్ని కాదని ఏ చిత్రాన్ని ఎంచుకున్నారో తెలియనప్పుడు తీర్పును అభినందించడంగానీ నిందించడంగానీ ఊహమీదే ఆధారపడుతుంది.

8. ముగింపు

పై పరిశీలనను బట్టి ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. పురస్కారాలకూ ప్రేక్షకాభిరుచికీ మధ్య అంతరం కేవలం రుచిభేదం కాదు. జనరంజక చిత్రానికి వేరు వరుస ఏర్పరచడంద్వారా పురస్కార వ్యవస్థే దానికి స్థిరమైన రూపం కల్పించింది.

2. ‘శంకరాభరణం’ మొదలు ‘ఆర్.ఆర్.ఆర్.’ వరకు తెలుగు చిత్రాలకు జాతీయ, అంతర్జాతీయ స్థాయిలో పాట, గానం, సాంకేతికత, జనరంజకత్వం అనే ద్వారాల గుండానే ఎక్కువగా ప్రవేశం లభించింది. ‘బాహుబలి’ ఇందుకు మినహాయింపు.

3. ప్రదర్శనావకాశం దొరకని ‘దాసి’ వంటి చిత్రాల విషయంలో ఈ అంతరం మేలు చేసింది. దానిని పూర్తిగా తొలగించి, విజయమే ప్రమాణమైతే ఇటువంటి చిత్రాలు చరిత్రలో నిలిచే మార్గం మూసుకుపోతుంది.

4. మూడు చిత్రాలు ఒక జ్యూరీకి జనరంజకాలు, మరో జ్యూరీకి ఉత్తమాలు కావడంవల్ల ఈ పదాలు నిర్ణయించే సంస్థపై ఆధారపడినవని స్పష్టమవుతోంది.

5. ‘బలగం’ పొందిన ఆదరణ వసూళ్లలో ఇమడని ప్రేక్షక స్పందన ఒకటి ఉందని నిరూపించింది. దానిని నమోదు చేయడం జ్యూరీలకంటే ముందుగా విమర్శకులు, పరిశోధకులు చేపట్టవలసిన పని.

పురస్కార నిర్ణయాలతోపాటు తుది పరిశీలనకు వచ్చిన చిత్రాల పేర్లను, ఎంపికకు గల కారణాలను ఒక పుటకు తగ్గకుండా ప్రకటిస్తే, భిన్నాభిప్రాయాలు ఆరోపణల స్థాయినుంచి విమర్శ స్థాయికి ఎదుగుతాయి. ఊరూరా జరిగిన ‘బలగం’ ప్రదర్శనల జ్ఞాపకాలను ఆ ప్రేక్షకుల మాటల్లోనే సేకరించడం తెలుగు సినిమా పరిశోధనకు తక్షణ కర్తవ్యం. ఆ జ్ఞాపకాలు ఇంకా తాజాగానే ఉన్నాయి.